మూలుగ నుంచి థైమస్ దాకా: టీ సెల్ ఎలా తయారవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ బైపీసీ పిల్లలు అడిగే ప్రశ్నలు కొన్ని, బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ అన్న మాట విని ఇంటికొచ్చి రాత్రంతా ఫోన్‌లో వెతికే తల్లిదండ్రులకు వచ్చే ప్రశ్నలు కొన్ని, ఇక్కడ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. బియ్యం చెరిగే సంగతి ఉన్న ప్రశ్న మాత్రం వదలొద్దు, అసలు విషయం అక్కడే ఉంది.

టీ సెల్ అంటే ఏంటి? అది చేసే పని కంటికి కనిపిస్తుందా?

కనిపిస్తుంది. చొక్కా చేయి పైకి లాగి ఎడమ భుజం దగ్గర చూసుకోండి. పుట్టిన కొత్తలో వేసిన బీసీజీ టీకా మచ్చ చాలామందికి ఉంటుంది. టీకాలోని బతికున్న బ్యాక్టీరియా చుట్టూ టీ సెల్స్ మూగాయి. అక్కడ పొక్కి, కాస్త చీము పట్టి, ఎండి, చివరికి మచ్చ మిగిలింది. టీబీ అనుమానంతో ముంజేతికి మాంటూ పరీక్ష చేసి, రెండు మూడు రోజులాగి రమ్మంటారు కదా, అదీ ఇందుకే. టీబీ క్రిమి ముందే పరిచయమున్న టీ సెల్స్ ఆ చోటికి చేరి చర్మం గట్టిపడటానికి ఆమాత్రం టైమ్ పడుతుంది.

తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు ఒక జాతి. వాటిలో యాంటీబాడీలు తయారుచేసేవి బీ సెల్స్. టీ సెల్స్ ఆ పని చెయ్యవు. సీడీ8 రకం టీ సెల్ వైరస్ సోకిన కణాన్ని నేరుగా చంపుతుంది. సీడీ4 రకం మిగతా కణాలను కదిలించి పని చేయిస్తుంది. హెచ్ఐవీ దెబ్బతీసేది ఈ సీడీ4నే. ఏఆర్‌టీ సెంటర్‌లో "కౌంట్ ఎంతుంది?" అని అడిగేది వీటి లెక్కే.

నల్లి బొక్కలో మనం జుర్రుకునే మూలుగ, స్టెమ్ సెల్స్ ఉండే బోన్ మ్యారో ఒకటేనా?

మూలుగ, ఎముక మజ్జ, బోన్ మ్యారో, మూడూ ఒకటే. కాకపోతే పెద్దవాళ్ల చేతుల్లో, కాళ్లలో పొడవాటి ఎముకల నడిమి భాగంలో ఉండేది ఎక్కువగా పసుపు మూలుగ, అంటే కొవ్వు. రక్తం తయారయ్యేది ఎర్ర మూలుగలో. అది తుంటి ఎముకలో, రొమ్ము ఎముకలో, వెన్నుపూసల్లో, పక్కటెముకల్లో ఉంటుంది. మజ్జ పరీక్ష అనగానే డాక్టర్లు కాలెముక జోలికి పోకుండా నడుము వెనక తుంటి ఎముకలో సూది దించేది అందుకే.

అక్కడ రక్తపు మూలకణాలు బహు కొద్ది. ఎదిగిన మనిషిలో 50 వేల నుంచి 2 లక్షల దాకా ఉండొచ్చని ఒక అంచనా. వాటికి రెండు గుణాలు: తమలాంటి కణాన్ని మళ్లీ పుట్టించుకోగలవు, ఏ రక్తకణంగానైనా మారగల సంతానాన్ని ఇవ్వగలవు. ఇలాంటి కణాలు ఉన్నాయని 1961లో టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెక్‌కల్లక్ ప్రయోగంతో చూపించారు. రేడియేషన్ తగిలిన ఎలుకలకు మజ్జ కణాలు ఎక్కిస్తే ప్లీహం మీద చిన్న చిన్న బుడిపెలు లేచాయి. ఒక్కో బుడిపె ఒక్కో కణం సంతానం.

స్టెమ్ సెల్ టీ సెల్ కావాలని నిర్ణయించేది ఎవరు?

ఒక్కసారిగా ఎవరూ నిర్ణయించరు. ఒక్కో మెట్టు దాటేకొద్దీ మిగతా దారులు మూసుకుంటూ పోతాయి. మూలకణం సంతానంలో కొన్ని లింఫోసైట్ల వైపు మొగ్గుతాయి. వాటిలో కొద్ది మాత్రం మజ్జ వదిలి, రక్తంలో పడి కొట్టుకుపోతూ థైమస్‌లో దిగుతాయి. ఈ థైమస్ రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన, రెండు తమ్మెలుగా ఉండే మెత్తటి అవయవం. టీ సెల్‌లోని "టీ" దాని పేరులో మొదటి అక్షరమే. థైమస్‌కి సొంత మూలకణాల నిల్వ ఉండదు, మజ్జ నుంచి సరఫరా అందుతూ ఉండాల్సిందే.

దిగిన కణం ఇంకా టీ సెల్ కాదు. థైమస్ లోపలి కణాల మీద డీఎల్ఎల్4 అనే ప్రోటీన్ ఉంటుంది. వచ్చిన కణం మీద నాచ్1 అనే గ్రాహకం, అంటే రిసెప్టర్, ఉంటుంది. రెండూ ఒకదానికొకటి తగిలితే నాచ్ లోపలి ముక్క తెగి, కేంద్రకంలోకి వెళ్లి, టీ సెల్‌కి కావలసిన జన్యువులను పనిలోకి దింపుతుంది. ముందు టీసీఎఫ్1, గాటా3 అనే ప్రోటీన్లు రంగంలోకి వస్తాయి. కొంత తర్వాత బీసీఎల్11బీ వస్తుంది. అది వచ్చాక ఇక వెనక్కి తిరగడం లేదు.

నాచ్ లేకపోతే? 1999లో ఎలుకల్లో ఆ జన్యువును తీసేసి చూశారు. థైమస్‌లో టీ సెల్స్ ఉండాల్సిన చోట బీ సెల్స్ పుట్టుకొచ్చాయి. 2002లో టొరంటోలో దీన్నే తిరగేసి చేశారు. మామూలుగా బీ సెల్స్‌ని పెంచే మజ్జ కణాలకు నాచ్‌ని తట్టే ప్రోటీన్ జన్యువును తగిలిస్తే, అదే గిన్నెలో టీ సెల్స్ వచ్చాయి. ఇంత పెద్ద తేడాకి ఆ ఒక్క తాకిడి చాలు! చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

ప్రపంచంలోని వైరస్‌లన్నింటికీ ఒక్కో జన్యువు ముందే రాసి ఉంటుందా?

ఉండదు. మనిషికి ప్రోటీన్ జన్యువులు మొత్తం 20 వేల చిల్లరే. వాటితో లెక్కలేనన్ని గ్రాహకాలు చెయ్యాలి. అందుకే ప్రతి చిన్న టీ సెల్ తన డీఎన్ఏను తానే కోసుకుని అతుక్కుంటుంది.

గ్రాహకానికి రెండు గొలుసులు. ముందు బీటా. దానికోసం వీ ముక్కలు 50 దాకా, డీ ముక్కలు 2, జే ముక్కలు 13 వరసగా ఉంటాయి. ఒక్కో రకంలో ఒక్కోటి ఏరి, మధ్యలో ఉన్నది కోసేసి, కలిపి కుట్టడమే. కోసే కత్తెర రాగ్1, రాగ్2 అనే ప్రోటీన్ల జత. అతికే చోట మరో ఎంజైమ్ ఇష్టం వచ్చినట్టు అక్షరాలు చొప్పిస్తుంది. అందుకే వైవిధ్యం అంతలా పెరుగుతుంది. నష్టమూ ఉంది. డీఎన్ఏని మూడేసి అక్షరాలుగా చదువుతారు కాబట్టి, ఇలా చొప్పించినప్పుడు మూడింట రెండుసార్లు లెక్క తప్పుతుంది, ఆ గొలుసు పనికిరాదు. యాంటీబాడీల విషయంలో ఈ కోత, అతుకు కనిపెట్టిన సుసుము టోనెగావాకి 1987లో నోబెల్ వచ్చింది.

బీటా కుదిరిందో లేదో చూడటానికి ఆల్ఫా ఇంకా తయారవలేదు కదా? అందుకని కణం ఒక ఉత్తుత్తి ఆల్ఫాని పక్కన పెట్టి ట్రయల్ చూస్తుంది. దర్జీ పచ్చికుట్టు వేసి జాకెట్టు కొలత చూసుకున్నట్టు. సరిపోతే ఆ కణం చాలాసార్లు విభజన చెంది పెద్ద గుంపవుతుంది. ఆ గుంపులో ఒక్కో కణం తన ఆల్ఫాని తాను విడిగా కుట్టుకుంటుంది.

(ఆల్ఫా బీటా బదులు గామా డెల్టా గొలుసులతో తయారయ్యే టీ సెల్స్ కూడా ఉన్నాయి. సంఖ్యలో తక్కువ, దారి వేరు. వాటిని ఇక్కడ వదిలేస్తున్నాను.)

థైమస్ టీ సెల్స్‌కి బడి లాంటిదంటారు, నిజమేనా?

చాలాచోట్ల అలాగే రాస్తారు. నాకు ఆ పోలిక నచ్చదు. బడిలో రానివాళ్లకి నేర్పుతారు. థైమస్ ఎవరికీ ఏమీ నేర్పదు, ఏరుతుంది అంతే.

చేటలో బియ్యం పోసుకుని అరుగు మీద కూర్చున్న అమ్మమ్మని గుర్తుచేసుకోండి. ముందు చెరుగుతుంది. పొల్లు, ఊక ఎగిరి ముందుకు పడతాయి. ఆ తర్వాత చేట ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, రాళ్లు ఏరుతుంది. ఇవి రెండు వేర్వేరు పనులు. పొల్లు వల్ల ప్రమాదమేమీ లేదు, ఉపయోగమూ లేదు. రాయి అలా కాదు, పంటి కింద పడితే పన్ను పోతుంది. థైమస్‌లోనూ సరిగ్గా ఈ రెండే, ఇదే వరసలో.

చెరగడం థైమస్ పైపొర భాగంలో జరుగుతుంది. టీ సెల్ వైరస్‌ని ఉన్నపళంగా చూడలేదు. మన కణాలు ప్రోటీన్ ముక్కలను హెచ్ఎల్ఏ అనే పళ్లెంలో పెట్టి చూపిస్తేనే చూడగలదు. ట్రాన్స్‌ప్లాంట్‌కి దాత కోసం హెచ్ఎల్ఏ టైపింగ్ చేయించారే, అదే ఇది. ఈ పళ్లెం మనిషికీ మనిషికీ వేరు. యాదృచ్ఛికంగా కుట్టుకున్న గ్రాహకం మన పళ్లేన్ని కొంచెమైనా పట్టుకోగలదా? ఆల్ఫాకి ఒకటి రెండు మలి ప్రయత్నాలు ఉంటాయి. అయినా కుదరకపోతే బతకమన్న సంకేతం అందక, ఆ కణం తనంతట తాను చనిపోతుంది. చాలావరకు పోయేది ఇక్కడే. ఈ దశలో కణం మీద సీడీ4, సీడీ8 రెండూ ఉంటాయి. హెచ్ఎల్ఏ పళ్లేల్లో రెండు తరగతులుంటాయి. ఒకటో తరగతి పళ్లేన్ని పట్టుకున్నది సీడీ8గా, రెండో తరగతిని పట్టుకున్నది సీడీ4గా తేలుతుంది.

రాళ్లు ఏరడం ఎక్కువగా లోపలి భాగంలో. ఇక్కడ ప్రశ్న తిరగబడుతుంది: మన సొంత ప్రోటీన్ ముక్కని మరీ గట్టిగా పట్టుకుంటున్నావా? అయితే బయటికి వెళ్లి మన ఒంటిమీదే పడతావు. అలాంటి కణాన్ని అక్కడే చంపేస్తారు. చచ్చినవాటిని థైమస్‌లోని మాక్రోఫేజ్‌లు ఎప్పటికప్పుడు మింగి శుభ్రం చేస్తాయి.

మొత్తం మీద బయటపడేవి నూటికి ఐదు కూడా ఉండవు. ఇంత వృథా ఎందుకని పిల్లలు అడుగుతారు. రేపు ఏ క్రిమి వస్తుందో తెలియదు కాబట్టి ముందే అన్ని రకాలూ గుడ్డిగా తయారు చేసుకోవాలి. గుడ్డిగా చేసినప్పుడు తాలు ఎక్కువే వస్తుంది.

ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో కదా, దాన్ని వెంటాడే టీ సెల్‌ని థైమస్ ఎలా పట్టుకుంటుంది?

మంచి ప్రశ్న. దీనికి జవాబు 1997లో దొరికిన ఎయిర్ అనే జన్యువు చుట్టూ తిరుగుతుంది. థైమస్ లోపలి భాగంలోని కణాలు ఎయిర్ సాయంతో వేల జన్యువులను కొద్దికొద్దిగా తెరిచి చూపిస్తాయి: ఇన్సులిన్, థైరాయిడ్ ప్రోటీన్, కంటి ప్రోటీన్, అన్నీ. ఒంటి మొత్తానికి శాంపిల్ కౌంటర్ అనుకోండి. అక్కడి కణాల్లో కొన్ని కండర కణంలాగా, పేగు కణంలాగా వేషం కట్టి కూర్చుంటాయని 2022లో ఇంకాస్త వివరంగా తెలిసింది.

ఎయిర్ చెడిన పిల్లలకు ఒకదాని తర్వాత ఒకటి గ్రంథులు దెబ్బతింటాయి. పారాథైరాయిడ్ పోయి కాల్షియం పడిపోతుంది, అడ్రినల్ పోతుంది, నోట్లో ఫంగస్ వదలదు. రాళ్లు ఏరని అన్నం ఇలా ఉంటుంది.

అయినా ఒకటి రెండు రాళ్లు తప్పించుకోవా?

తప్పించుకుంటాయి. అందుకు రెండో కాపలా ఉంది. సొంత ప్రోటీన్‌ని ఓ మోస్తరు గట్టిగా పట్టుకున్న సీడీ4 కణాల్లో కొన్నింటిని థైమస్ చంపకుండా, ఫాక్స్‌పీ3 అనే జన్యువు తెరిపించి, మిగతా టీ సెల్స్‌ని అదుపులో పెట్టే నియంత్రక టీ సెల్స్‌గా పంపిస్తుంది. జపాన్‌లో షిమోన్ సకగూచి 1995లో వీటిని గుర్తించారు. ఫాక్స్‌పీ3ని అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పట్టుకున్నారు. 2025 వైద్య నోబెల్ ఈ ముగ్గురికీ వచ్చింది.

ఇదంతా ఎన్ని రోజులు పడుతుంది?

ఎలుకలో మూడు, నాలుగు వారాలు.

థైమస్‌కి ఇంత పని ఉందని ఎప్పుడు తెలిసింది?

ముఖ్యమైన అవయవాల్లో ఆఖరున పని తెలిసింది దీనిదే అనొచ్చు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అనే యువ పరిశోధకుడు ఎలుకల్లో ల్యుకీమియా మీద పనిచేస్తూ, పుట్టిన వెంటనే ఎలుక పిల్లల థైమస్ తీసేశారు. అవి చిక్కిపోయి రోగాలతో పోయాయి. వేరే జాతి ఎలుక చర్మం అతికించినా వాటి ఒళ్లు కాదనలేదు. పెద్ద ఎలుకల్లో థైమస్ తీస్తే ఏమీ కావట్లేదు కాబట్టి, అంతకుముందు దాన్ని పనికిమాలిన ముక్క అనుకున్నారు. మిల్లర్ ఫలితం వచ్చాక కూడా పీటర్ మెడవార్ లాంటి నోబెల్ గ్రహీతే వెంటనే నమ్మలేదు. 2019లో మిల్లర్‌కి, బీ సెల్స్ సంగతి తేల్చిన మ్యాక్స్ కూపర్‌తో కలిపి, లాస్కర్ బహుమతి ఇచ్చారు. దానికి 58 ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

మా బాబు ఛాతీ ఎక్స్‌రేలో థైమస్ పెద్దగా ఉందన్నారు. టెన్షన్ పడాలా?

చాలావరకు అక్కర్లేదు. పసిపిల్లల్లో థైమస్ పెద్దగానే ఉంటుంది, ఎక్స్‌రేలో పడవ తెరచాపలాగా పక్కకి కనిపించడం మామూలే. మీ పిల్లల డాక్టర్ చూసి చెబుతారు.

ఈ టెన్షన్‌కి ఒక పాత చరిత్ర ఉంది. వందేళ్ల కిందట వైద్య విద్యార్థులు కోసి చూసే శవాలు ఎక్కువగా పేదలవి. తిండిలేక, జబ్బుపడి పోయినవాళ్లవి. ఆకలి, జబ్బు థైమస్‌ని కుదించేస్తాయి. ఆ చిన్న సైజే మామూలు అనుకుని, ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన పసివాళ్లలో కనిపించిన అసలు సైజు థైమస్‌ని జబ్బుగా లెక్కగట్టారు. అమెరికాలో వేలమంది పసిపిల్లలకు దాన్ని తగ్గించడానికి రేడియేషన్ ఇచ్చారు. తర్వాత వాళ్లలో థైరాయిడ్ క్యాన్సర్‌లు బయటపడ్డాయి.

పెద్దయ్యాక థైమస్ కుంచించుకుపోతుందట. మరి టీ సెల్స్ ఎక్కడి నుంచి వస్తాయి?

చిన్నతనం నుంచే దాని పని భాగం తగ్గుతూ, కొవ్వు నిండుతూ వస్తుంది. యుక్తవయసు దాటాక ఇది బాగా కనిపిస్తుంది. పెద్దవాళ్లలో కొత్త టీ సెల్స్ ఎక్కువగా బయట ఉన్న పాతవి విభజన చెందడం వల్లే వస్తాయి. సంఖ్య నిలుస్తుంది, కొత్త రకాలు మాత్రం తగ్గుతాయి. ముసలివాళ్లు కొత్త జబ్బులను అంత బాగా ఎదుర్కోలేకపోవడానికి, కొత్త టీకాలు వాళ్లలో అంత బాగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

అలాగని పెద్దవాళ్లలో అది దండగ కాదు. 2023లో బోస్టన్ డాక్టర్లు ఛాతీ ఆపరేషన్‌లో థైమస్ తీసేసిన పెద్దవాళ్లను, తీయనివాళ్లతో పోల్చారు. ఐదేళ్లలో మరణాలు 8.1 శాతం, 2.8 శాతం. ఇది పాత రికార్డుల పోలిక, దీన్నే తుదితీర్పు అనలేం. అయినా "పెద్దయ్యాక ఎలాగూ అక్కర్లేదు" అనే మాట ఇక అంత తేలిగ్గా చెల్లదు. మయస్తీనియా (కండరాలు బలహీనపడే జబ్బు), థైమోమా (థైమస్‌లో వచ్చే గడ్డ) లాంటి జబ్బులకు తీయాల్సి వస్తే తీయించుకోవాల్సిందే.

పుట్టుకతోనే టీ సెల్స్ లేకపోతే?

ఆ జబ్బుల గుంపును స్కిడ్ అంటారు. పైన చెప్పిన దారిలో ఏ మెట్టు విరిగినా ఇది రావచ్చు. రాగ్ చెడితే కత్తెర లేదు. ఐఎల్2ఆర్‌జీ అనే జన్యువు చెడితే ఎదగమనే సంకేతం వినపడదు. అమెరికాలో పుట్టిన పిల్లలందరికీ పరీక్ష చేస్తే సుమారు 58 వేలమందిలో ఒకరికి తేలింది.

మన దగ్గర రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది మేనరికం. రాగ్ లాంటి జన్యువుల్లో లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి కలిస్తేనే జబ్బు. మేనమామనో, మేనబావనో చేసుకున్నప్పుడు ఆ కలయికకు అవకాశం పెరుగుతుంది. రెండోది, మొదట్లో చెప్పిన బీసీజీ. అది బతికున్న టీకా, పుట్టగానే వేస్తారు. టీ సెల్స్ లేని బిడ్డలో అది మచ్చతో ఆగదు, చంకలో గడ్డలు కట్టి ఒళ్లంతా పాకొచ్చు. మిగతా పిల్లలందరికీ బీసీజీ వేయించాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ఇంట్లో ఇంతకుముందు ఒక బిడ్డ నెలల వయసులో తగ్గని ఇన్ఫెక్షన్‌తో పోయి ఉంటే, ఆ మాట టీకా వేయకముందే డాక్టర్‌తో చెప్పండి.

చౌకైన ఆధారం ఒకటుంది, మామూలు సీబీపీ. కొన్ని నెలల బిడ్డకి లింఫోసైట్లు పెద్దవాళ్లకంటే ఎక్కువ ఉండాలి. లెక్కగట్టినప్పుడు 3,000 లోపే ఉంటే ఊరుకోకూడదు. రిపోర్టులో శాతం మాత్రమే చూసి వదిలేస్తే ఇది కనపడదు. మొత్తం తెల్లకణాల సంఖ్యని ఆ శాతంతో హెచ్చవేయాలి.

విదేశాల్లో చేసే స్క్రీనింగ్ ఇంకా చమత్కారం. రాగ్ డీఎన్ఏని కోసినప్పుడు మధ్యలో పడిపోయిన ముక్క చిన్న గాజులాగా చుట్టుకుని కణంలోనే ఉండిపోతుంది. దాన్ని ట్రెక్ అంటారు. మడమ గుచ్చి అట్టముక్క మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలో ఆ గాజులు లెక్కపెడితే థైమస్ పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది. అంటే దర్జీ కింద పడేసిన పేలికలు చూసి షాపు నడుస్తోందని చెప్పడం! మూడున్నర నెలల లోపు ట్రాన్స్‌ప్లాంట్ జరిగిన స్కిడ్ పిల్లల్లో ఐదేళ్ల తర్వాత 94 శాతం మంది బతికున్నారని 2014లో ఒక అమెరికా అధ్యయనం చూపింది.

మజ్జ బాగానే ఉండి థైమస్సే లేకపోతే ట్రాన్స్‌ప్లాంట్ పనిచేస్తుందా?

విత్తనాలు ఉన్నాయి, మడి లేదు. కాబట్టి మజ్జ మారిస్తే సమస్య పోదు. డైజార్జ్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బులో బహు కొద్దిమందికి ఇలా జరుగుతుంది. అమెరికాలో వీళ్లకి థైమస్ కణజాలాన్నే తొడ కండరంలో నాటుతారు, 2021లో దానికి అనుమతి వచ్చింది. ఆ కణజాలం ఎక్కడిదంటే, వేరే పసిపిల్లలకు గుండె ఆపరేషన్ చేసేటప్పుడు అడ్డుగా ఉందని తీసి పారేసేది. టీ సెల్స్ రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. తొడలో పెట్టినా పనిచేస్తుందంటే, చోటు కాదు ముఖ్యం, ఆ కణాలతో తాకిడి.

ట్రాన్స్‌ప్లాంట్ అయి నెలలు దాటింది, కౌంట్లు బాగున్నాయి. ఇంకా మాస్కు, జాగ్రత్తలు ఎందుకు?

న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కొన్ని వారాల్లో కోలుకుంటాయి. మీకు రిపోర్టులో కనిపించి ఊరట కలిగించేవి అవి. టీ సెల్స్ మాత్రం కొత్త మజ్జ నుంచి బయల్దేరి, థైమస్ చేరి, చెరుగుడూ ఏరుడూ దాటి రావాలి. పిల్లల్లో నెలలు, పెద్దవాళ్లలో ఒకటి రెండేళ్లు కూడా. చిన్నప్పటి టీకాల జ్ఞాపకం చాలావరకు పోతుంది కాబట్టి మళ్లీ వేయిస్తారు. బతికున్న టీకాలు మామూలుగా రెండేళ్ల లోపు వేయరు.

ఈ దారిలోనే క్యాన్సర్ కూడా వస్తుందా?

వస్తుంది. టీ సెల్ రకం అక్యూట్ ల్యుకీమియాలో సగానికి పైగా కేసుల్లో నాచ్1 జన్యువు పాడై, ఎవరూ తట్టకుండానే తెరుచుకుని ఉంటుందని 2004లో తేలింది.

టీ సెల్స్‌ని ల్యాబ్‌లో తయారు చేస్తున్నారా?

రెండు వేర్వేరు పనులను జనం ఒకటే అనుకుంటున్నారు. కార్-టీ చికిత్సలో రోగి రక్తంలో అప్పటికే తయారై ఉన్న టీ సెల్స్‌ని తీసి, క్యాన్సర్‌ని గుర్తుపట్టే కొత్త గ్రాహకం తగిలించి తిరిగి ఎక్కిస్తారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబర్‌లో మన దేశంలో అనుమతి వచ్చింది. ఇక మూలకణం నుంచి మొదలుపెట్టి టీ సెల్ దాకా గిన్నెలోనే పెంచడం ఇంకో పని. 2017లో లాస్ ఏంజెలెస్‌లో చిన్న కృత్రిమ థైమస్ ఉండలు చేసి అది సాధించారు. అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

బొడ్డుతాడు రక్తం దాచుకోమంటున్నారు. దాచుకుంటే మా పాపకి రేపు టీ సెల్స్ సమస్య వచ్చినా పనికొస్తుందా?

బొడ్డుతాడు రక్తంలో మూలకణాలు ఉంటాయి, అది నిజం. వేరే వాళ్లు దానం చేసినదైతే స్కిడ్‌కి వాడతారు కూడా. మీ పాపదే అయితే, జన్యులోపం ఆ సంచిలోని కణాల్లోనూ ఉంటుంది కదా, తిరిగి ఎక్కించి లాభమేంటి? సొంత వాడకం కోసం ప్రైవేటుగా దాచడాన్ని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సిఫారసు చేయడం లేదు. ఇంట్లో అప్పటికే ట్రాన్స్‌ప్లాంట్ అవసరమైన అన్నో అక్కో ఉంటే సంగతి వేరు. అప్పుడు సేల్స్‌మన్‌తో కాకుండా ఆ బిడ్డని చూస్తున్న హెమటాలజిస్ట్‌తో, కాన్పుకి ముందే మాట్లాడండి.